ఉప్పుగాలిలో ఏసీ: లాసన్స్ బే ఇంటి పని డైరీ

మార్చి, రెండో వారం

ఎండలు ముదరకముందే ఇంట్లో చల్లదనం సంగతి ఒక కొలిక్కి తేవాలి. ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో. సముద్రానికి అర కిలోమీటరు కూడా ఉండదు. కింద వాటాలో అద్దెకున్నవాళ్ళు, పైన మేము, మా నెత్తిన ఉత్త స్లాబు. సరుకు లెక్క ఇదీ: అమ్మ గదిలో హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది, 2015లో కొన్న ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ. ఆర్-22 గ్యాసుది, ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) కాదు. మా గదిలో ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ. బాత్రూములో పదిహేను లీటర్ల గీజరు. అన్నీ పాతకాలం ఫ్యాన్లు.

అమ్మ ఫిర్యాదు ఒకటే. "గది చల్లబడుతోంది గానీ ఒళ్ళు ఆరట్లేదు నాన్నా" అంటుంది. నిజమే, తెల్లవారుజామున దుప్పటి పట్టుకుంటే చెమ్మ తగులుతుంది. తేమ మీటరు కొని ఆవిడ మంచం పక్కన పెట్టాను. ఏసీ 24 మీద రాత్రంతా నడిచినా ఉదయానికి తేమ 70 శాతం దిగలేదు. అంటే గదిలో వేడి తగ్గుతోంది, నీళ్ళు మాత్రం అలాగే ఉంటున్నాయి. ఈ ఊళ్ళో ఏసీ పని సగం నీళ్ళు తోడడమే. హైదరాబాదులో ఉన్నప్పుడు ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించే అవసరం రాలేదు.

మార్చి, మూడో వారం

మెకానిక్ వచ్చి అవుట్‌డోర్ యూనిట్ మూత తీశాడు. వెనక వైపు కాయిల్ మీద వేలు పెడితే రెక్కలు తెల్లటి పొడిగా రాలాయి. "ఏటి సార్, ఇందులో ఇంకేటి మిగిలింది? ఉప్పు తినేసింది" అన్నాడు.

కాయిల్‌లో గొట్టాలు రాగివి, వాటి చుట్టూ ఉన్న పల్చటి రెక్కలు అల్యూమినియంవి. రెండు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉండి, వాటి మీద ఉప్పునీటి పొర నిలిస్తే కరెంటు పుడుతుంది. ఆ జంటలో బలహీనమైనది అల్యూమినియం కాబట్టి ముందు అది కరిగిపోతుంది. రెక్క గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉన్న చోటే తుప్పు మొదలవుతుంది. అక్కడ పట్టు వదిలిందంటే గొట్టంలోని వేడి గాలికి చేరదు. కంప్రెసర్ ఎక్కువసేపు మొత్తుకుంటుంది, బిల్లు పెరుగుతుంది, గది మాత్రం అంతంతే.

మాది తూర్పు గోడకి, సరిగ్గా సముద్రానికి ఎదురుగా బిగించి ఉంది. పదేళ్ళు బతకడమే ఎక్కువ. స్టాండు కూడా చూశాం. యాంగిల్ మీద పెయింటు ఉబ్బి ఉంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపల అట్టలు అట్టలుగా ఊడింది.

గ్యాసు గురించి ఒక మాట. పోయిన రెండు వేసవులూ వేరే మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయింది" అని నింపి వెళ్ళాడు. ఏసీలో గ్యాసు బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారేచోటు వెతక్కుండా నింపితే మళ్ళీ ఏడాదికి అదే పాట. పైగా ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీసే రకం, మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030 నాటికి దాన్ని మానుకుంటూ వస్తోంది. ఈ కాయిల్‌కి ఇక డబ్బు పెట్టను. ఏసీ మార్చాలి.

అయితే ముందు డాబా.

మార్చి చివర

ముందు డాబా ఎందుకంటే, నెత్తిన పెనం పెట్టుకుని గదిలో ఎన్ని టన్నుల ఏసీ పెడితే ఏం లాభం? మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 57 డిగ్రీలు చూపింది. రాత్రి తొమ్మిదికి అమ్మ గది సీలింగు 36. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి నిద్రపోయే వేళకి మన మీద కక్కుతుంది.

మూడు దారులు కనిపించాయి. మొదటిది సున్నం: తెల్ల సున్నంలో వైట్ సిమెంటు, కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వెయ్యడం. చవక. కానీ మన వానలకి ఒకటి రెండేళ్ళలో పోతుంది. రెండోది డబ్బాల్లో దొరికే కూల్‌రూఫ్ పెయింటు, ఎండని వెనక్కి తిప్పికొట్టే తెల్లటిది, రబ్బరులా సాగే రకం, సన్నటి పగుళ్ళని కూడా మూస్తుంది. మూడోది తెల్ల టైలు ముక్కలు పరిచే చైనా మొజాయిక్. ఎక్కువ కాలం ఉంటుంది కానీ బరువు, ఖర్చు రెండూ ఎక్కువ. పాత స్లాబు మీద ఆ బరువు నాకు ఇష్టం లేదు. రెండోదానికే మొగ్గాను.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్ళ స్థలాల్లో కొత్త కట్టడాలకి ఇలాంటి కప్పు తప్పనిసరి చేసింది. విశాఖలో ఎవరూ మనల్ని అడగరు. అడక్కపోయినా వేసుకోవచ్చు.

పూత కన్నా ముందు పనే ఎక్కువ. వైర్ బ్రష్‌తో నాచు గీకడం, పగుళ్ళు కోసి క్రాక్ ఫిల్లర్ నింపడం, నీళ్ళు నిలిచే పల్లాల్ని గారతో సరిచేసి తూము వైపు వాలు తేవడం. ఇదంతా చెయ్యకుండా పెయింటు వేస్తే మొదటి అల్పపీడనానికే పొరలుగా లేస్తుంది. కడిగి ఒక రోజంతా ఎండనిచ్చాక ప్రైమరు, ఆపైన ఒకదానికొకటి అడ్డంగా రెండు పూతలు. ఉదయం పది దాటితే స్లాబు వేడికి బ్రష్ లాగుతున్నప్పుడే పెయింటు ఆరిపోతోంది. అందుకని తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టించాం.

ఏప్రిల్, మొదటి వారం

ఒక మూల కావాలనే నాలుగడుగుల చదరం పెయింటు వెయ్యకుండా వదిలేశాను, పోల్చి చూడ్డానికి. మధ్యాహ్నం రెండింటికి ఉత్త స్లాబు 58, తెల్లటి భాగం 41. రాత్రి తొమ్మిదికి సీలింగు 32. ఏసీ వెయ్యకముందే గదిలో తేడా చెంప మీద తెలుస్తోంది. ఖర్చు కొత్త ఏసీ ధరలో మూడో వంతు కూడా కాలేదు.

ఎండలో పైకి వెళితే కళ్ళు జిగేల్మంటున్నాయి, వడియాలు పెట్టడానికి వెళ్ళిన అమ్మకి నల్లకళ్ళజోడు ఇవ్వాల్సి వచ్చింది.

ఏప్రిల్, రెండో వారం

అనంతపురంలో ఉండే మిత్రుడు ఫోన్ చేసి, "ఏసీకి అంత డబ్బు ఎందుకు పోస్తావప్పా, కూలర్ పెట్టుకో" అన్నాడు. అతని ఊళ్ళో అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. అది ఎంతవరకు చల్లబరచగలదో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెబుతుంది. అనంతపురంలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజున ఆ తడి థర్మామీటరు 23 దగ్గర ఆగుతుంది. పదిహేడు డిగ్రీల లాభం. మా దగ్గర 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే తడి థర్మామీటరు 29 పైనే నిలబడిపోతుంది. నాలుగైదు డిగ్రీల కోసం, అసలే చెమ్మగా ఉన్న గదిలోకి గంటగంటకీ ఇంకొన్ని నీళ్ళు కొట్టడమన్నమాట. వద్దనేశాను.

ఏప్రిల్, మూడో వారం

షాపుకి వెళ్ళాం. అబ్బాయి గది కొలత అడగకుండానే "సీ సైడ్ కదా సార్, రెండు టన్నులు పెట్టేయండి" అన్నాడు. అమ్మ గది పది అడుగులు బై పన్నెండు. డాబాకి ఇప్పుడు తెల్లపూత ఉంది. ఆ గదికి ఒక టన్ను చాలు.

ఇక్కడ పెద్దది కొనడం డబ్బు దండగే కాదు, గదికి చెడుపు కూడా. ఏసీ గాలిలోంచి నీళ్ళు తియ్యాలంటే ఇన్‌డోర్ కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి. చిన్న గదిలో పెద్ద ఏసీ పది నిమిషాల్లో 24కి దించేసి కంప్రెసర్ ఆపేస్తుంది. బ్లోయరు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, కాయిల్ మీద పట్టిన నీళ్ళు తొట్టిలోకి జారకముందే మళ్ళీ ఆవిరై గదిలోకి వచ్చేస్తాయి. అమ్మ దుప్పటి చెమ్మకి సగం కారణం ఈ ఒకటిన్నర టన్నే.

లెక్క కోసం పాత ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టాను. రాత్రికి నాలుగు లీటర్లు. మా గదిలో ఒక టన్నుది పెడితే ఎనిమిది. లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 0.68 యూనిట్ల వేడిని వదులుతుంది, ఆ వేడిని కూడా ఏసీయే మోసుకెళ్ళి బయట పారబొయ్యాలి. ఎనిమిది లీటర్లంటే దాదాపు ఐదున్నర యూనిట్ల వేడి. ఒక టన్ను ఏసీ గంటలో మోయగలిగేది మూడున్నర. అంటే రాత్రిలో గంటన్నర పైచిలుకు పని ఉత్త నీటికే సరి. అనంతపురం మిత్రుడికి ఈ ఖర్చు లేదు.

బకెట్ నీళ్ళు అమ్మ తులసికోటకి, మిగతాది ఇల్లు తుడవడానికి. పక్కింటాయన ఇన్వర్టరు బ్యాటరీలో పోస్తానన్నాడు. ఆ నీళ్ళు కాయిల్ మీది దుమ్మునీ లోహాన్నీ కడుక్కుంటూ వచ్చినవి, నేనైతే పొయ్యను.

కొన్నది: ఒక టన్ను, ఐదు నక్షత్రాల ఇన్వర్టరు, ఆర్-32 గ్యాసు. షాపులో అందరూ "కాపర్ కాయిలేనా?" అని అడిగి తృప్తి పడతారు. రాగి మంచిదే, అతుకు వెయ్యడం తేలిక. కానీ సముద్రం దగ్గర రాగి అనే మాట ఒక్కటీ చాలదు. రెక్కల మీద రక్షణపూత ఉందా, రెండు యూనిట్లలోనూ ఉందా, అవుట్‌డోర్ కార్డు (సర్క్యూట్ బోర్డు) మీద లక్క లాంటి కోటింగు వేశారా, తుప్పుకి వారంటీ వర్తిస్తుందా అన్నవి అడిగాను. ఆఖరి ప్రశ్నకి అబ్బాయి మేనేజరుని పిలిచాడు. మేనేజరు వారంటీ కాగితం తీసి చదివాడు. చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని బిల్లు కట్టకముందే చదివించడం నా పద్ధతి.

హాట్ అండ్ కోల్డ్ మోడల్ కూడా చూపించారు. ఈ ఊళ్ళో జనవరి తెల్లవారుజామున కూడా పదహారు, పదిహేడు డిగ్రీలు. ఒక రగ్గు చాలు.

ఏప్రిల్ చివర

బిగింపు రోజు. ఈ డైరీలో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ ఇదే అనుకుంటాను.

అవుట్‌డోర్ యూనిట్‌ని తూర్పు గోడ నుంచి తీసేసి ఇంటి వెనక, వాయవ్య మూలకి మార్చాం. అక్కడికి సముద్రపు తుంపర నేరుగా రాదు. పడమటి ఎండ పడుతుందని టెన్షన్ ఉండేది కానీ పక్కవాళ్ళ మూడంతస్తుల మేడ మూడు దాటాక నీడ ఇస్తోంది. గోడకీ యూనిట్‌కీ మధ్య బెత్తెడుకు పైన ఖాళీ, ముందు మూడడుగులు. ముందు అడ్డం ఉంటే వదిలిన వేడిగాలినే అది మళ్ళీ పీల్చుకుంటుంది. సందుల్లో బిగించిన చాలా యూనిట్ల గతి అదే.

దూరం పెరిగింది కాబట్టి రాగి పైపు ఏడు మీటర్లయింది. కంపెనీ నింపి పంపే గ్యాసు కొంత పొడవు వరకే సరిపోతుంది. ఆపైన మీటరుకి ఇన్ని గ్రాములని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. త్రాసు మీద సిలిండరు పెట్టి ఆ లెక్క ప్రకారమే ఎక్కించమన్నాను.

పైపులు కలిపాక ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, నట్ల మీద సబ్బునురగ రాసి అరగంట చూశాం. ఆ తర్వాత వాక్యూమ్, అంటే పంపుతో పైపుల్లోని గాలినంతా లాగెయ్యడం. "కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోద్ది సార్" అన్నాడు సహాయకుడు. పైపులో మిగిలిన గాలిలో మా ఊరి చెమ్మ ఉంటుంది. అది లోపల నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్ మోటారు తీగచుట్టని తింటుంది. పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది, ఊరికే బయటికి వదిలే సరుకు కాదు. "పంపు ఉంది కదా తమ్ముడూ, పెట్టు" అన్నాను. మీటరు 500 మైక్రాన్ల కిందికి దిగేదాకా నడిపి, ఆపి, ముల్లు పైకి లేవకుండా నిలిచిందని చూసుకున్నాకే వాల్వు తెరిచారు. పెద్ద మెకానిక్ ఏమీ అనకుండా సహాయకుణ్ణి టీ తెమ్మన్నాడు.

స్టాండు కొత్తది. కోసిన అంచులకి, బెజ్జాలకి జింక్ ప్రైమరు, మొత్తానికి రెండు పూతలు ఎపాక్సీ పెయింటు. ఇవి నేలమీదే వేసి ఆరబెట్టి తెచ్చాను, గోడకి బిగించాక వెనకవైపు బ్రష్ అందదు. బోల్టులు స్టెయిన్‌లెస్. సముద్రం ఇంత దగ్గరైతే 304 రకం మీద కూడా టీ మరకల్లాంటి తుప్పు చారలు వస్తాయి, 316 అయితే మేలు. 316 అంగుళం సైజులో దొరకలేదు, అందుకని 304వే వేసి పైన గ్రీజు పూశాం. స్టెయిన్‌లెస్‌కీ స్టాండుకీ మధ్య నైలాన్ వాషరు పెట్టించాను. కాయిల్‌లో జరిగిన లోహాల గొడవ మళ్ళీ బోల్టు దగ్గర జరక్కుండా. నాలుగు మూలలా యాంకర్ ఫాస్టెనర్లు కాంక్రీటు లింటెల్‌లోకి వెళ్ళాయి, ఇటుకలోకి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి ఈ వీధిలో ఏమేం ఎగిరిపోయాయో చూసినవాడిని.

పైపుల మీది నల్లటి స్పాంజిని కాకులు, ఉడతలు పీకేస్తాయి. పీవీసీ కేసింగులో పెట్టి మూసేశాం. కార్డు పెట్టెలో వైర్లు దూరే బెజ్జాల్ని కూడా మూయించాను. అవుట్‌డోర్ కార్డు చెడిపోవడానికి ఉప్పు ఎంత కారణమో, లోపలికి దూరి అతుక్కుపోయే బల్లి కూడా అంతే.

మే, రెండో వారం

అమ్మ గదిలో తెల్లవారుజామున తేమ 55 శాతం. బకెట్ ఏడు లీటర్లు. అమ్మ మాట: "ఫ్యాను తగ్గించు, చలేస్తోంది." ఏసీ 26 మీదే ఉంది. చెమ్మ పోయిన గదిలో 26 చాలా హాయి. 24తో మొదలయ్యేలా దేశంలో అమ్మే ఏసీలన్నిటికీ 2020 జనవరి నుంచి నిబంధన ఉంది, మాకు ఆ చల్లదనం కూడా ఎక్కువే.

ఫ్యాన్లు మార్చాం. పాతవి 75 వాట్లు లాగేవి, కొత్తవి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు రకం, 30 వాట్ల లోపు.

రోహిణి కార్తె

రెండు రోజులుగా పడమటి గాలి. మామూలుగా పదకొండు, పన్నెండుకల్లా సముద్రం మీంచి గాలి లేచి ఊరిని 34, 35 దగ్గర ఆపుతుంది. భూమి మీంచి వచ్చే వడగాలి బలంగా ఉన్న రోజున ఆ సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. నిన్న మధ్యాహ్నం వరండాలో 41. తేమ 30 శాతానికి పడింది.

అలవాటు తలకిందులవుతుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే తూర్పు కిటికీలు తెరిచి ఉంచుతాం. వడగాలి రోజున తొమ్మిదికే అన్నీ మూసి, పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టాం. ఈ రెండు రోజులూ అనంతపురం కూలరు ఇక్కడ కూడా పనిచేసేది. సాయంత్రం ఐదున్నరకి గాలి తిరిగింది. పది నిమిషాల్లో చర్మం జిగటయింది, వీధిలో అందరూ దానికే సంతోషించారు.

జూలై

మే బిల్లు: పోయిన ఏడాది 468 యూనిట్లు, ఈసారి 331. ఇందులో డాబా వాటా ఎంత, ఏసీ వాటా ఎంత, ఫ్యాన్ల వాటా ఎంత అని విడదీయడం కుదరదు, అన్నీ ఒకే వేసవిలో చేశాం.

వానలు పడ్డాక మా గది ఏసీ నుంచి తడిబట్ట వాసన. బ్లోయరు తీసి చూస్తే నల్లటి బూజు. డ్రెయిన్ పైపులో జిగురులా నాచు. కడిగించాం. ఇప్పుడు ఏసీ కట్టే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్ ఆరబెడుతున్నాం. వాన రాత్రుల్లో 27 డిగ్రీలే ఉండి గది చెమ్మగా ఉంటే డ్రై మోడ్ చాలు. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కుళాయి కింద.

అక్టోబరు

బంగాళాఖాతంలో వాయుగుండం. గాలి మొదలయ్యే ముందు రెండు ఏసీల ఎంసీబీ స్విచ్‌లూ దించేశాను. డాబా మీద తూములు శుభ్రం చేయించాను. తుపాను మావైపు రాలేదు గానీ రెండు రోజులు తుంపర కొట్టింది, కిటికీ అద్దం మీద నాలుక పెడితే ఉప్పు.

తెల్లారాక అవుట్‌డోర్లకి మంచినీళ్ళ స్నానం. బోరు నీళ్ళు కాదు, మా బోరే ఉప్పన. మున్సిపాలిటీ కుళాయికి గొట్టం తగిలించి మెల్లగా పై నుంచి కిందికి. జెట్ పంపు వద్దు, రెక్కలు ఒరిగిపోతాయి. కార్డు ఉన్న కుడివైపు తడవకుండా గొట్టం పట్టుకోవాలి. మామూలు నెలల్లో నెలకోసారి, ఇలాంటి గాలి తర్వాత వెంటనే. సర్వీసు కాంట్రాక్టులో ఏడాదికి రెండే సర్వీసులు, అవి ఈ ఊరికి చాలవు.

కొత్త స్టాండు మీద చుక్క తుప్పు లేదు. పాత తూర్పు గోడ మీద మా గది యూనిట్ ఇంకా ఉంది, దాని స్టాండు ఒక బెజ్జం దగ్గర ఎర్రబడింది.

డిసెంబరు, ధనుర్మాసం

లంబసింగిలో జనం నెగళ్ళు వేసుకుని చలి కాచుకుంటున్న ఫోటోలు. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మన్యంలో అంత చలి. మాకు వెచ్చదనం అంటే గీజరు ఒక్కటే, అదీ అమ్మ ఐదింటి స్నానానికి.

కిందనుంచి తీసి చూస్తే హీటింగ్ ఎలిమెంటు మీద సున్నపు పెచ్చులు. యానోడ్ రాడ్ మాత్రం అసలు లేదు, మధ్యలోని ఇనప తీగ ఒక్కటే వేలాడుతోంది. నీళ్ళలోని లవణాలు ట్యాంకు ఉక్కుని తినకుండా ముందు తనని తినాలని పెట్టే మెగ్నీషియం కడ్డీ అది. ఏసీ కాయిల్‌ని పొడి చేసిన రసాయనమే ఇక్కడ కాపలా కాస్తుంది. కాపలా అయిపోతే ట్యాంకు వంతు వస్తుంది. బోరు ఉప్పునీళ్ళకి ఏడాది, ఏడాదిన్నరకే కరిగిపోయినట్టుంది. కొత్త రాడ్, కొత్త వాషరు వేసి, ఎలిమెంటు గీకి, సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి నీళ్ళు కారుతున్నాయని చూశాం. ఆ వాల్వు గట్టిపడిపోతే గీజరు ప్రమాదం.

ట్యాంకులో నీళ్ళు 22 డిగ్రీలుంటే పదిహేను లీటర్లు 50కి చేరడానికి దాదాపు అర యూనిట్, రెండు కిలోవాట్ల ఎలిమెంటుకి పావుగంట. కాబట్టి నాలుగు ముప్పావుకి వేస్తే ఐదుకి సిద్ధం. రాత్రంతా స్విచ్ వేసి ఉంచే అలవాటు మానిపించడానికి అమ్మతో కొంచెం వాదన అయింది. టైమర్ స్విచ్ పెట్టాక వాదన ఆగింది, ఆవిడ ఇప్పుడు దాన్ని నాలుగున్నరకి మార్చమంటోంది.

వచ్చే ఫిబ్రవరి పనులు: మా గది అవుట్‌డోర్‌ని కూడా వెనక గోడకి మార్చడం. పైపు తొమ్మిది మీటర్లవుతుంది, 316 బోల్టులు ముందే ఆర్డరు పెట్టాను. ఎర్త్ గొయ్యి తవ్వి చూడాలి, పాత జీఐ (జింకు పూసిన ఇనప) పైపు ఎంత మిగిలిందో. డాబా మీద ఏడాది మసి, కాకి రెట్టలు పట్టి తెలుపు తగ్గింది, సర్ఫు నీళ్ళతో రుద్ది కడిగాక మళ్ళీ కొలుస్తాను.